నల్లబండల వార్డులో రెండు కళ్ళు

ఆరు కళ్ళు కావాలన్న యంత్రాన్ని రెండే కళ్ళతో కడపకు తీసుకుపోయిన మొనగాణ్ణి నేను. ఒక్కో కన్నుకు మూడు వందల యాభై చొప్పున, నాలుగు కళ్ళకు పద్నాలుగు వందలు మిగిల్చాను. ఆ సంగతి మా తమ్ముడికి గల్లాపెట్టె దగ్గర మూడుసార్లు చెప్పాను. వాడు మూడోసారి కూడా మెచ్చుకున్నాడు. మా ఇంట్లో పుట్టినవాళ్ళం ఇట్లాంటివాటిని అలవోకగా మెచ్చుకుంటాం.

కన్ను అంటే ఏమిటో ముందు చెప్పాలి. కర్నూల్లో నాది కరెంటు సామాన్ల అంగడి. మా నాయనది బట్టల అంగడి కాబట్టి నేను పెరిగింది మాత్రం తానుల మధ్య. మా అంగడికి చిన్నచిన్న బల్బుల కోసం వచ్చే ఖాదర్ బాషా ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. సెలవు పెట్టి, రెండేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారుచేశాడు. గుండె జబ్బు మనిషి ఎద మీద బిళ్ళలు అంటించి, వాటినుంచి ఒక సన్న తీగను భుజం మీది అగ్గిపెట్టెంత డబ్బీకి కలుపుతాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ డబ్బీ కంటికి కనపడని వెలుగును మినుకుమనిపిస్తుంది. టీవీ రిమోటులో ఉండే వెలుగే అది. గోడకు బిగించిన కన్ను ఆ మినుకును పట్టుకుని నర్సు బల్ల మీది పెట్టెకు అందిస్తుంది. పెట్టెలో అంకె కనపడుతుంది. గుండె లయ తప్పినా, వెలుగు అందకపోయినా గంట మోగుతుంది. రోగిని మంచానికి కట్టిపడేసే వైర్లు ఉండవు. రేడియో తరంగాలతో చేస్తే పక్కనున్న యంత్రాలు తికమకపడతాయేమోనని కొందరు డాక్టర్లకు భయం. వెలుగు గది గోడ దాటిపోదు.

ఖాదర్ ఇంట్లో పరీక్ష చేశాం. నేను డబ్బీ తగిలించుకుని మూలన నిలబడ్డాను, గోడ వైపు తిరిగాను, బీరువా పక్కన నక్కాను. ఒక్క కన్నుతోనే అంకె కదలకుండా నిలబడింది. వెలుగు గోడలకు తగిలి వెనక్కి వస్తుందని చెప్పాడు.

"మరి ఆరెందుకప్పా?" అన్నాను.

"కడప ఆసుపత్రిలో గది ఎట్లుంటాదో తెలీదు గదా శెట్టన్నా."

తెలియనిదానికి దుడ్లు పెట్టడం మా ఇంటా వంటా లేదు. పెట్టుబడి నాది కాబట్టి మాటా నాదే నెగ్గింది. రంజానుకు ముందు కొట్టించిన సున్నం ఆ గోడల మీద ఇంకా పాలలాగా ఉందన్న సంగతి మాత్రం నా కంటికి ఆనలేదు.

కర్నూలు బస్టాండు

కార్తీక మాసం కావడంతో పొద్దున సన్నటి చలి. బొరుగుల ఉగ్గాణి, రెండు మిరపకాయ బజ్జీలు పది రూపాయలు. మూడో బజ్జీ ఊరికే వేయించుకున్నాను. బజ్జీలామె నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును కాబట్టి మూడోది ముందే చిన్నదిగా వేసి పెట్టుకుంటుంది.

కడపకు టికెట్టు తొంభై ఎనిమిది. నా ఒళ్ళో ఉన్న అట్టపెట్టెను చూసి కండక్టరు దానికి అర టికెట్టు అన్నాడు.

"సామాను కాదప్పా, ఇది గుండెజబ్బు మనిషికి," అన్నాను.

"గుండెకు టికెట్టు లేదు శెట్టీ. అట్టపెట్టెకు ఉండాది."

ఖాదర్ జేబులో చెయ్యి పెట్టబోయాడు. నేను ఆపాను. ఓర్వకల్లు దాకా వాదించాను. రోడ్డు పక్కన ఎవరో పేర్చి మరచిపోయినట్టున్న ఆ రాళ్ళ గుట్టలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి, నేను ఒక్కటీ సరిగా చూడలేదు. చివరికి పది రూపాయలకు తెగింది, చీటీ లేకుండా. దిగేటప్పుడు చీటీ అడిగితే ఇస్తానన్నాడు. నేను అడగలేదు, అతనూ గుర్తుచేయలేదు.

నంద్యాల నుంచి మైదుకూరు

నంద్యాలలో ఒక బండల వ్యాపారి ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. చేతిసంచిలో పలకల్లాగా నాలుగు రాతి ముక్కలు. కడప నల్లబండ ఒకటి తీసి తువ్వాలుతో తుడిచి నా ముఖం ముందు పెట్టాడు. నా మీసం అందులో మసకగా కనపడింది.

"ఇప్పుడందరూ కిందనే పరుస్తాండారు. తెలివైనోళ్ళు గోడకు గూడా ఏస్తాండారు. మరక పడదు, సున్నం కొట్టే పని లేదు," అన్నాడు.

ఎంత నిజమో అనిపించింది. ఏటేటా సున్నం ఖర్చు మిగులుతుంది. నా అంగడి గోడలకు అడుగు ఎంతకిస్తావని బేరం మొదలుపెట్టాను. ఆళ్ళగడ్డలో పద్దెనిమిది అన్నవాడు చాగలమర్రికి వచ్చేసరికి పదిహేనుకు దిగాడు. మైదుకూరులో మూడు రూపాయల టీ అతనే తాగించాడు. ఖాదర్ ఆ రాతిముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు. ఏమైందని అడిగితే, "ఏం లేదు లే అన్నా," అన్నాడు. పెట్టుబడిదారుణ్ణి బాధపెట్టకూడదనుకున్నట్టున్నాడు.

కడప, మొదటి పూట

మా యంత్రాన్ని వాడి చూస్తామన్న ఆసుపత్రి ఊరి మధ్యలో పాత మిద్దె. డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. వార్డు తలుపు తీసి గర్వంగా చూపించాడు. కింద నల్లబండ. రెండు గోడలకు పైదాకా నల్లబండ. పైకప్పు కూడా పాతకాలపు బండలే. గది చల్లగా, శుభ్రంగా, బావి లోపలిలాగా ఉంది. ఖాదర్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ఆ వార్డులోనే ఓబులమ్మ ఉంది. అరవై దాటిన మనిషి. మైదుకూరు వైపు పల్లె. వారం వారం సంతలకు మేకలను తోలి అమ్మే బేరగత్తె. పది రోజుల కిందట సంతలోనే గుండె పట్టుకుని కూలబడిందట. ఇప్పుడు లేచి తిరుగుతోంది కానీ, గుండె అప్పుడప్పుడూ లయ తప్పుతోంది. ఇంకో ఐదు రోజులు కనిపెట్టి చూడాలని డాక్టరు పట్టు. ఆమె పట్టు వేరు.

"మేకలను కట్టేసేది నా పని. నన్నే మంచానికి కట్టేస్తే ఎట్లప్పా? ఈ వైర్లు తీయకుంటే రేపు మాపటికి బస్సెక్కి పోతాండా," అంది.

పల్లెలో ఆమె గుండెను చూసే దిక్కు లేదు. మందుల అంగడి ఉన్నది మైదుకూరులోనే. డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి షరతు చెప్పాడు. మా యంత్రం రేపు మాపటి లోపల సరిగా పనిచేస్తే సరే. పూటకు రెండుసార్ల కంటే ఎక్కువ ఉత్తి గంట మోగితే మళ్ళీ వైర్లే పెడతాడు.

"ఉత్తగా మోగే గంట అసలు లేనిదానికంటే చేటు. నిజంగా మోగిన దినం సిస్టరు లేచి రాదు," అన్నాడు.

అంటే మా యంత్రం తప్పితే వైర్లు, వైర్లు పెడితే ఓబులమ్మ బస్సు. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని నాకు అప్పుడే అర్థమయింది.

ఖాదర్ ఆమెకు డబ్బీ తగిలిస్తూ ఇది టీవీ రిమోటు లాంటిదేనమ్మా అని నచ్చజెప్పబోయాడు.

"నా గుండెకు రిమోటా? ఛానలు మారుస్తావేమి నాయనా?" అంది.

మంచం మీద ఉన్నంతసేపు అంకె నిలబడింది. లేచి కిటికీ దగ్గరకు పోగానే గంట మోగింది. పొద్దుగూకే లోపల నాలుగుసార్లు మోగింది. నాలుగోసారి సిస్టరు పరుగెత్తలేదు, నడిచి వచ్చింది. డాక్టరు చెప్పింది అదే.

ఆ పూట కారం దోసె తిన్నాం. కర్నూల్లో కారం పక్కన పెడతారు, తినేవాడి ధైర్యాన్ని బట్టి అద్దుకుంటాడు. కడపలో దోసెకే పూసేస్తారు, అడగరు. దోసె ఎనిమిది రూపాయలు, నీళ్ళు మూడు చెంబులు. లాడ్జి గది రోజుకు నూరు. నూట ఇరవై చెప్పాడు గానీ, బకెట్టుకు పిడి లేదని ఇరవై తగ్గించాను.

మరుసటి దినం పొద్దున

పొద్దున్నే నేను ఓబులమ్మ దగ్గర కూర్చున్నాను. మేకల మనిషి కాబట్టి బేరానికి లొంగుతుందని నా ఆశ.

"అమ్మా, డాక్టరు ఐదు దినాలంటాండాడు," అన్నాను.

"నేనీ పొద్దే అంటాండా."

"మధ్యన యాడో ఒక చోట తెంచుకుందాం."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "బేరం తెలిసినోడి మాదిరుండావు. చెయ్యి పట్టు. నా కొడుకు వయసోనివి, సిగ్గేమి?" అంటూ పైటకొంగు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. మేకల సంతలో బేరమంటే అంతే. ధర నోటితో చెప్పరు. బట్ట కింద వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. పక్కవాడికి తెలియకూడదు. నేను ఆమె ఐదు వేళ్ళూ పట్టుకున్నాను. ఆమె విదిలించి నావి రెండు పట్టుకుంది. నేను మళ్ళీ ఐదు పట్టుకున్నాను. ఆమె మూడు...

గంట మోగింది.

సిస్టరు వచ్చింది, ఖాదర్ వచ్చాడు. ఓబులమ్మ కొంగు తీసింది, గంట ఆగింది. మళ్ళీ కప్పమన్నాడు ఖాదర్. మోగింది. అతను నెత్తి కొట్టుకున్నాడు. డబ్బీని తాను పెట్టింది ఎడమ భుజం మీద. ఇన్నాళ్ళూ పరీక్ష చేసింది తన మీద, నా మీద, కాలేజీ మగపిల్లల మీద. మా ఎవరికీ ఎడమ భుజం మీద పైట లేదు. కొంగు కదిలినప్పుడల్లా వెలుగు దాని కింద కప్పబడిపోతోంది.

"రెండేండ్లు చేసినావు గదా నాయనా, ఆడోళ్ళకు గుండె ఉండదనుకున్యావా?" అంది ఓబులమ్మ.

ఖాదర్ ఎర్రబడిపోయి డబ్బీని కుడి భుజానికి మార్చాడు. బేరం మాత్రం నాలుగు వేళ్ళ దగ్గర తెగింది. ఆ దినంతో కలిపి నాలుగు దినాలు. ఐదు కాలేదని నాకు వెలితిగానే ఉండింది. అయితే ఒప్పందానికి ఆమె ఒక షరతు తగిలించింది. వైర్లు మళ్ళీ కనపడితే ఒప్పందం చెల్లదు.

కుడి భుజానికి మార్చినాక గంట మోగడం సగానికి తగ్గింది. కిటికీ దగ్గర మాత్రం మోగుతూనే ఉంది. ఆమె అక్కడికే పోతుంది, అక్కడినుంచి రోడ్డు కనపడుతుంది కాబట్టి. ఖాదర్ నల్లబండ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"శెట్టన్నా, నిన్న బస్సులో చెప్పాల్సింది. ఈ రాయి వెలుగును మింగేస్తాది. మా ఇంట్లో సున్నపు గోడ వెనక్కిచ్చేది. ఇంకా నాలుగు కళ్ళుంటే ఏ మూలకు పోయినా ఏదో ఒకదానికి ఎదురుగా ఉండేది."

నాలుగు కళ్ళు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. కర్నూలుకు పోయి చేసుకుని వచ్చేసరికి ఆమె పల్లె చేరిపోయి ఉంటుంది.

అంగడిలో పెరిగిన నాకు వచ్చిన విద్య ఒకటే, నోరు మూసుకుని చూడటం. అట్లా కూర్చుని పెట్టెలో అంకె వైపు చూస్తున్నాను. ఓబులమ్మ కిటికీ దగ్గరకు పోయింది, అంకె పోయింది, గంట మోగింది. సిస్టరు విసుక్కుంటూ పోయి పక్కన నిలబడింది. అంకె వచ్చింది. సిస్టరు వెనక్కి వచ్చింది. అంకె పోయింది. ఇంకోసారీ అంతే అయింది.

సిస్టరు దగ్గర ఏముంది? తెల్లచీర, తెల్ల కోటు.

నేను లేచి చెప్పులేసుకున్నాను.

బట్టల అంగడి

ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఒక పాత బట్టల అంగడి. యజమాని నా కంటే పదేళ్ళు పెద్ద. కర్నూల్లో అయితే ముందు ధర, తర్వాత కుర్చీ. ఇక్కడ ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే ఏం కావాలని అడిగారు.

"తెల్ల గాడా గుడ్డ. ముప్పై మీటర్లు," అన్నాను.

నా అవసరం ముఖంలో కనపడకుండా కూర్చున్నాను. అది నాకు చేతనయిన పనే. ఆయన నన్ను చూశాడు. మాసిన చొక్కా, నిద్రలేని కళ్ళు, ఆసుపత్రి వైపు నుంచి వచ్చాను, తెల్లబట్ట తప్ప ఇంకేమీ అడగలేదు. ఆయన ముఖం మెత్తబడింది.

"ఎవురప్పా పోయినోళ్ళు?" అన్నాడు నెమ్మదిగా. నేను జవాబు చెప్పేలోపలే, "మీటరు ఇరవై ఆరు అమ్ముతాం. దీనికి లాభం తీసుకోం. ఇరవై ఒకటి ఇయ్యి చాలు. దుడ్లు రేపైనా పర్వాలేదు," అన్నాడు.

మా నాయన అంగడిలోనూ ఇదే పద్ధతి. పోయినవాళ్ళ మీద కప్పే బట్టకు అసలు ధరే, లాభం లేదు. కొనేవాడు బేరమాడకూడదు. చిన్నప్పుడు ఒకసారి నేను లాభం కలిపి చెబితే, మా నాయన ఆ మనిషి వెనకాలే వీధి చివర దాకా పోయి మిగిలింది తిరిగిచ్చి వచ్చాడు.

మీటరుకు ఐదు రూపాయలు, ముప్పై మీటర్లకు నూటయాభై. నేను అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. తల వంచుకుని ఊరుకుంటే చాలు. నిజం చెబుతున్నాను, లెక్క ఆ క్షణంలోనే నా తలలో పూర్తయింది. తల సగం వంగింది కూడా.

అప్పుడు ఓబులమ్మ కొంగు కింద నా వేళ్ళు పట్టుకున్న చెయ్యి గుర్తుకొచ్చింది. వెచ్చగా, గరుకుగా ఉండింది. ఆ చెయ్యి గలామె బతికి కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తోంది. ఆమె పేరు మీద ఈ ధరకు బట్ట కొని తీసుకుపోయి ఆమె చుట్టూ కట్టాలా?

"ఎవురూ పోలేదన్నా. బతికుండే మనిషికే. మామూలు ధరకే ఇయ్యి," అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇరవై ఆరు. మామూలుగా వచ్చినోళ్ళయితే బేరమాడతారు మరి," అన్నాడు ఎదురుచూస్తూ.

ఏడు వందల ఎనభై లెక్కపెట్టి ఇచ్చాను. ఆయనకు నా మీద అనుమానం వచ్చిందని అనుకుంటున్నాను. తానులోంచి గుడ్డ కత్తిరించేటప్పుడు రెండుసార్లు నా వైపు చూశాడు.

తెల్లగోడలు

మేకులు, పురికొస కలిపి నలభై రూపాయలు. మేకులు బండకు దిగవు కాబట్టి పైన దూలాలకు కొట్టి, గుడ్డను నిలువుగా వేలాడదీశాం. డాక్టరు చేతులు కట్టుకుని చూశాడు గానీ అడ్డు చెప్పలేదు. ఓబులమ్మ మంచం మీద కూర్చుని నవ్వింది.

"ఏమప్పా శెట్టీ, నాకు పెండ్లి పందిరి ఏస్తాండావా, పాడె కడతాండావా?"

అంగడిలో జరిగింది చెప్పాను. చెప్పాలని అనుకోలేదు, నోరు జారింది. ఆమె నవ్వు ఆపి, "బేరమాడకుండానే కొన్యావా? నువ్వు?" అంది. తర్వాత గుడ్డ అంచును వేళ్ళతో తడిమి చూసింది.

మధ్యాహ్నం నుంచి ఆమె కిటికీ దగ్గర నిలబడింది, మూలకు పోయింది, గోడవైపు తిరిగి నిలబడింది. అంకె నిలబడే ఉంది. మాపటికి డాక్టరు వచ్చి పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎన్నిసార్లు మోగిందని అడిగితే, సిస్టరు ఒక్కసారి అని చెప్పింది. వైర్లు బీరువాలోకి పోయాయి.

నేను మరుసటి దినమే కర్నూలుకు తిరిగి రావాల్సింది. ఖాదర్ ఉంటే చాలు. కానీ బస్టాండు దాకా పోయి ఫోనుబూతులో తమ్ముడితో మాట్లాడి, వెనక్కి వచ్చేశాను. ఆ మూడు దినాలూ రాగిసంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి తింటూ, ఓబులమ్మ చెప్పే మేకల సంగతులు వింటూ గడిపాను. మేకకు పళ్ళు చూసి వయసు చెప్పొచ్చట. అమ్మేవాడి వయసు అతని చెప్పులు చూసి చెప్పొచ్చట. నా చెప్పులు చూసి ఆమె నవ్వింది.

ఐదో దినం

నాలుగు దినాలూ అయిపోయాయి. ఒప్పందం ప్రకారం ఆమె మూట కట్టుకోవాలి. నేను పొద్దున్నే పోయేసరికి మూట కట్టే ఉంది, ఆమె మాత్రం కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఏమమ్మా, బస్సుకు పోలేదా?"

"నా పేరు మీద బేరమాడకుండా బట్ట కొన్యావు. సంతలో ఎవురూ నాకట్లా చేయల్యా. ఈ పొద్దు కొసరు. పోయి కూచో," అంది.

ఆ మధ్యాహ్నం మూడు గంటలప్పుడు గంట మోగింది. ఆమె కిటికీ దగ్గరే ఉంది. అంకె పోలేదు. ఉంది, కానీ గంతులేస్తూ ఉంది. ఆ మూడు దినాలలో ఉత్తి గంట లేకపోవడంవల్ల సిస్టరు కుర్చీ పడేసి పరుగెత్తింది. డాక్టరు వచ్చాడు, ఓబులమ్మను పడుకోబెట్టారు, సూది వేశారు. అరగంటకు అంకె సర్దుకుంది. ఆమె కళ్ళు తెరిచి తెల్లగుడ్డ వైపు చూసి, "ఇంగా ఈడనే ఉండానా?" అంది.

పొద్దున బస్సెక్కి ఉంటే ఆ వేళకు ఆమె మైదుకూరులో దిగి పల్లె దారిలో నడుస్తూ ఉండేది. ఆ తర్వాత ఎన్ని దినాలుండాలో డాక్టరు చెప్పాడు. ఆమె బేరమాడలేదు.

మేం బయలుదేరేటప్పుడు డాక్టరు ఇంకో నాలుగు కళ్ళు తెమ్మన్నాడు, గోడలకు గుడ్డలు ఎన్నాళ్ళు కట్టుకుంటామని. కళ్ళు బిగించినాక ఆ గుడ్డ ఏం చేస్తావని ఓబులమ్మ అడిగింది. సంతలో ఎండకు పందిరి వేసుకుంటుందట. కొంగు కింద నాలుగు వేళ్ళు పట్టుకుంది. నాలుగు వందలు. వాడిన గుడ్డకు మంచి ధరే. డబ్బీ కుడి భుజం మీద ఉంది కాబట్టి గంట మోగలేదు.

లెక్క

కళ్ళు తగ్గించి మిగిల్చింది పద్నాలుగు వందలు. ఆ కళ్ళు ఎట్లాగూ చేయించాలి కాబట్టి అది మిగిలినట్టు కాదు, కొట్టేస్తున్నాను.

రెండే కళ్ళు తెచ్చినందుకు అయిన ఖర్చు: గాడా ఏడు వందల ఎనభై. మేకులు, పురికొస నలభై. అనుకున్నదానికంటే నాలుగు దినాల లాడ్జి నాలుగు వందలు. ఇద్దరి తిండి నాలుగు వందల ఎనభై. తమ్ముడికి ఫోన్లు ముప్పై ఆరు. మొత్తం పదిహేడు వందల ముప్పై ఆరు.

గుడ్డ అమ్మగా వచ్చింది నాలుగు వందలు. నికరంగా పోయింది పదమూడు వందల ముప్పై ఆరు రూపాయలు. ఇందులో పోయినోళ్ళ ధరకు తీసుకోనందుకు పోయినది నూటయాభై. దాన్ని విడిగా రాశాను, తమ్ముడు అడుగుతాడని.

వచ్చింది: కొసరు, ఒక దినం.